వృషభ లగ్నానికి అరుంధతి

అది 2002వ సంవత్సరం. చిత్తూరులో బస్టాండుకు దగ్గరగా, ఒక మందుల షాపు మేడ మీద నాకు నెట్ సెంటర్ ఉండేది. ఫోనులోనే లోకమంతా చూస్తున్న ఈ కాలం పిల్లలకు నెట్ సెంటర్ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. హాలును ప్లైవుడ్ చెక్కలతో అరలుగా విడగొట్టి, అరకొక కంప్యూటర్ పెట్టేవాళ్లం. ఇంటర్నెట్ టెలిఫోన్ తీగ మీద వచ్చేది. దాన్ని డయల్-అప్ అనేవాళ్లు. కంప్యూటరే ఫోన్ చేసి, కాసేపు కీచుమని అరిచి, అవతల ఎత్తితే లైను కలిపేది. గట్టి వాన పడితే ఆ రోజుకు అంతే సంగతులు.

మెట్లెక్కి వచ్చేవాళ్లలో పరీక్ష ఫలితాల కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. తర్వాత ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టేవాళ్లు, గల్ఫ్‌లో ఉన్న మొగుడికి ఈమెయిల్ రాయించుకునే ఆడవాళ్లు, జాతకం ప్రింటు తీయించుకునేవాళ్లు. అందరికీ నేనొక్కదాన్నే. ఆడమనిషికి ఇదేం వ్యాపారమని మా ఆయన మొదట్లో ఒకసారి అన్నాడు. నా ముఖం చూసి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వీళ్ల మధ్య నాకు నక్షత్రాల పట్టికలు వెతకడం ఎలా వచ్చిందంటే, అది ప్రమీల పుణ్యం. ప్రమీల మా వీధి పిల్లే. తిరుపతిలో విశ్వవిద్యాలయంలో చేరి ఖగోళశాస్త్రంలో పరిశోధన చేసేది. సెలవులకు ఇంటికొస్తే పగలంతా నా సెంటర్‌లోనే ఉండేది. విదేశాల్లో ఎక్కడో పెట్టిన ఒక వెబ్‌సైట్‌లో ప్రపంచంలోని ఖగోళ పట్టికలన్నీ ఒకచోట చేర్చారట. పట్టికలో ఒక్కో వరుస ఒక్కో నక్షత్రం. అది ఆకాశంలో ఎక్కడుంది, ఎంత వెలుగుతుంది, ఇలాంటివన్నీ కాలమ్‌లు. ప్రతి కాలమ్ పక్కన ఒక ఖాళీ గడి ఉంటుంది. అందులో మన షరతు రాస్తే, ఆ షరతుకు నిలిచిన నక్షత్రాలే కిందికి వస్తాయి. దాన్ని ఫిల్టర్ అంటారు.

"జల్లెడ పట్టడమే అక్కా," అనేది ప్రమీల. "కంతలు ఎంత పెట్టల్లో మనం చెప్పల్ల. అంతే."

నాకు ఆ ఆట నచ్చింది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో నేనూ షరతులు రాసి చుక్కలను జల్లించేదాన్ని. ఇది నాకెప్పటికైనా పనికొస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

దసరా దాటిన తర్వాత ఒక రోజు శివరామయ్య సామి వచ్చారు. ఐరాల పక్క పల్లెలో పౌరోహిత్యం చేసే మనిషి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో సగం పెళ్లిళ్లు ఆయన చేతి మీదుగా జరిగినవే. తెల్లటి పంచె, భుజాన సంచి, మెట్లెక్కిన ఆయాసం. గుమ్మంలోనే నిలబడి అన్ని అరల్లోకీ అనుమానంగా చూశారు.

"ఏమమ్మా, జాతకాలేసే పెట్టె ఇదేనా?"

"జాతకాలే కాదు సామీ, అన్నీ వేస్తుంది. మీకు జాతకమా?"

"నాకెందుకు జాతకం? నేనే వేస్తా. నీ పెట్టె వేసేదానికన్నా బాగా వేస్తా." లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "నాకొక చుక్క కావల్ల."

నవ్వాపుకుని మంచినీళ్లు ఇచ్చాను. తాగి, నిదానంగా సంగతి చెప్పారు. ఆయనకు ఒక్కతే కూతురు, భార్గవి. బీఎస్సీ చదివి, ఐరాలలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతోంది. నగరి ఊరి సంబంధం కుదిరింది. పిల్లవాడి పేరు హరి, వాడూ బడిపంతులే. కార్తీకంలో రాత్రి వృషభ లగ్నానికి ముహూర్తం. లగ్నపత్రిక కూడా రాసుకున్నారు. అంతా బాగానే ఉంది. చిక్కల్లా అరుంధతి దగ్గరే వచ్చింది.

మన పెళ్లిళ్లలో తాళి కట్టిన తర్వాత పురోహితుడు దంపతులను బయటికి తీసుకొచ్చి అరుంధతీ నక్షత్రం చూపించడం అందరికీ తెలిసిందే. వసిష్ఠుడి పక్కనే వదలకుండా ఉండే ఇల్లాలు. కనిపించిందా అమ్మా అని ఆయన అడుగుతాడు. కనిపించింది అని పెళ్లికూతురు అంటుంది. పట్టపగలు పెళ్లయినా ఇదే తంతు.

"షామియానా గుడ్డలోంచి కూడా కనిపించింది అన్నోళ్లు ఉండారు నా చేతుల్లో," అని సామి నవ్వారు. తర్వాత ఆ నవ్వు తగ్గిపోయింది. "నా బిడ్డ అట్ల అనదంట. 'నాయనా, కంటికి కనిపించకపోతే కనిపించిందని నేను చెప్పను. పిల్లకాయలకు సైన్సు చెప్పే నోరు ఇది' అనింది. ముందర నాకు కోపమొచ్చినాది. మల్ల కూసోని ఆలోచించినా. తాళి మెడలో పడినాక నా బిడ్డ అందరి ముందరా నోరు తెరిచి పలికే మొదటి మాట అది. ఆ మాట అబద్ధం కావచ్చునామ్మా?"

నా పెళ్లిలో నేను కూడా మామిడాకుల తోరణం వైపు చూసి కనిపించింది అన్నదాన్నే.

"మరి మీరు చూసుకుంటే సరిపోతుంది కదా సామీ?"

"యాడ సూసేది, దినామూ మబ్బులే కదా. అయినా అది ఉత్తరాన ఎప్పుడూ ఉండేదే. ధ్రువుడి సుట్టూ తిరగతా ఉంటాది. ఆ లగ్నానికి ఉంటాదని నీ పెట్టె ఒక కాగితం మీద రాసిస్తే, ఆ పిల్ల నమ్మతాది. నా మాట నమ్మదు. కాగితం నమ్మతాది."

అలా మొదలైంది. వెబ్‌సైట్ తెరిచి, పేరు రాసే గడిలో అరుంధతి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. వరుసలు లేవు అని వచ్చింది. ఆ పట్టికలు రాసినవాళ్లకు మన అరుంధతి తెలియదు. సరే, పేరుతో కాకపోతే లక్షణంతో వెతుకుదామని, "ఎలా ఉంటుంది సామీ?" అని అడిగాను.

"ధగధగా మెరస్తా ఉంటాది. మహా పతివ్రత కదా!"

వెలుగును కొలిచే కాలమ్‌ను మాగ్నిట్యూడ్ అంటారు. దానిది తిరగేసిన లెక్క. సంఖ్య తగ్గేకొద్దీ నక్షత్రం ఎక్కువ వెలుగుతున్నట్టు. అది చెబితే సామి, "తగ్గేకొద్దీ గొప్పా? మా సంభావనకు ఆ లెక్క పెట్టకుండా ఉంటే సాలు," అన్నారు. ధగధగా అన్నారు కదాని రెండుకు తక్కువ అని షరతు పెట్టాను. దిక్కు ఉత్తరం. ఏవో కొన్ని వరుసలు వచ్చాయి. ఎంత చూసినా వాటిలో పక్కపక్కన ఉన్న జంట ఒక్కటీ లేదు. సామి ముఖం చిన్నబోయింది. నాకు పట్టుదల పెరిగింది. మాట్లాడడానికి ఉంచుకున్న రెండో లైనులో తిరుపతి హాస్టల్‌కు ఫోన్ చేసి ప్రమీలను పిలిపించాను.

అవతల ఆ పిల్ల ఒకటే నవ్వు. "అక్కా, అరుంధతి ధగధగా మెరస్తాదని ఎవరు చెప్పినారు నీకు? అది నాలుగో తరగతి చుక్క. కండ్లు బాగుంటేనే కనిపిస్తాది. నువ్వు పెట్టిన జల్లెడలో ఎప్పుడో జారిపోయింటాది. ఐదు అని పెట్టు. ఇంకోటి, ఆ సైటు తనంతట తాను యాభై వరుసలే సూపిస్తాది. దాన్ని పెంచుకో, లేకపోతే మిగిలినవి లేవనుకుంటావు."

షరతు మార్చాను, వరుసల హద్దు పెంచాను. ఈసారి తెర నిండిపోయింది. ప్రమీల చెప్పిన ఇంగ్లీషు పేర్లతో వెతుక్కుంటూ వెళ్తే, దొరికాయి. ఒక వరుసలో వసిష్ఠుడు, దాని కిందనే అరుంధతి. అన్ని వేల నక్షత్రాల మధ్య ఇద్దరూ ఒకరి కింద ఒకరు. "ఇదిగో సామీ," అని చూపించాను. ఆయన వేలితో ఆ రెండు వరుసలనూ తాకి, ఆ వేలును కళ్లకు అద్దుకున్నారు. నా కంప్యూటర్ తెరను అంత భక్తిగా తాకినవాళ్లు అంతకు ముందూ లేరు, తర్వాతా లేరు. నాకు ఆ క్షణమే ఆయన మీద ఇష్టం పుట్టింది.

పట్టిక చెప్పేది నక్షత్రం చిరునామా మాత్రమే. ఆకాశాన్ని గడియారంలా విభజించి అది ఎన్నో గంట దగ్గర ఉందో ఒక కాలమ్ చెబుతుంది. ఎంత ఉత్తరంగా ఉందో ఇంకో కాలమ్ చెబుతుంది. ఫలానా రోజు ఫలానా వేళ ఐరాల ఆకాశంలో ఉంటుందా అంటే అది మనమే గుణించుకోవాలి. ఇది ఎలా చెప్పాలా అని నేను తడుముకుంటుంటే, సామి ముఖం వెలిగింది.

"ఒకటి విషువాంశ, ఇంకోటి క్రాంతి! అంతే కదమ్మా? సదువు, నేను రాసుకుంటా."

నేను చదివాను. ఆయన సంచిలోంచి పంచాంగం తీసి, వేళ్ల మీద ఏవో లెక్కలు వేస్తూ, నా రసీదు పుస్తకం వెనక పెన్సిలుతో గీస్తూ కూర్చున్నారు. రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు. చివరికి పెన్సిల్ కింద పెట్టారు.

"నువ్వు తప్పు సదివినావమ్మా."

మళ్లీ చదివాను. మళ్లీ లెక్క వేశారు. అదే వచ్చింది. ఆ రోజు అరుంధతి పొద్దు గూకకముందే అస్తమిస్తుంది. వృషభ లగ్నానికి నేల కింద ఉంటుంది. మళ్లీ ఉదయించేది అర్ధరాత్రి బాగా దాటిన తర్వాతే.

"అస్తమించేదేంది? సప్తర్షులు అస్తమించరు!" సామి గొంతు పెరిగింది. పక్క అరలో ఈమెయిల్ రాసుకుంటున్న ఒకామె తల బయటికి పెట్టి చూసింది. నేను మళ్లీ ప్రమీలకు ఫోన్ చేసి, రిసీవర్ ఆయన చేతికే ఇచ్చాను. ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. ఎక్కడో కాశ్మీరానికి కూడా ఉత్తరాన ఉన్నవాళ్లకు సప్తర్షులు అస్తమించకుండా ధ్రువుడి చుట్టూ తిరుగుతారు. మనం ఇంత దక్షిణాన ఉన్నాం, మనకు లేస్తారు, అస్తమిస్తారు.

సామి రిసీవర్ పెట్టేసి పంచాంగం మూసేశారు. "రాసినోళ్లు ఆడ కూసోని రాసినారు. మేము ఈడ కూసోని సదవతా ఉండాం," అన్నారు చివరికి. ఎన్ని కార్తీకాలు, ఎన్ని మార్గశిరాలు, ఎన్ని రాత్రి ముహూర్తాలు, అందరికీ ఉత్తరానికి వేలు పెట్టి చూపించిన మనిషి. నాకు జాలేసింది. టీ తెప్పించాను. తాగకుండానే వెళ్లిపోయారు.

మళ్లీ రారేమో అనుకున్నాను. వారం తిరక్కుండానే వచ్చారు, అదీ ఉత్సాహంగా.

"అమ్మా, ఒక ఉపాయం. అరుంధతి లేకపోతే మానె. పక్కపక్కన ఉండే ఇంకో జంట ఏదైనా ఆ లగ్నానికి ఉంటాదేమో సూడు. కావాల్సింది ఆదర్శ దంపతులు. ఏ దంపతులైతే ఏమి?"

నిజం చెబితే నాకు ఆ రోజు పండగలా ఉంది. ఇలాంటి జల్లెడ పట్టడానికే కదా ఆ వెబ్‌సైట్ ఉన్నది! జంట నక్షత్రాలకు వేరే పట్టిక ఉంది. అందులో రెంటి మధ్య ఎడం ఎంతో చెప్పే కాలమ్ ఉంటుంది. మామూలు కంటికి ఆనే వెలుగు, ఒకటి అనిపించకుండా రెండని తెలిసేంత ఎడం, ఆ వేళకు ఆకాశంలో ఉండే భాగం, ఒక్కొక్కటీ షరతు రాసుకుంటూ పోయాను. వరుసలు తగ్గుతూ వచ్చాయి. చివరికి కొన్ని మిగిలాయి. ప్రమీల కూడా ఫోన్‌లో వాటిని విని, మామూలు కంటికి చక్కగా కనిపించే జంట ఒక్కటే అని తేల్చింది. తూర్పున, అప్పుడే పైకి లేస్తూ ఉంటుంది. చూపించడానికి సుఖం. నేను లాటరీ తగిలినంత సంబరంగా సామికి చెప్పాను.

"తూర్పునా? యాడ, ఏ నక్షత్రం పక్కన?"

"రోహిణి పక్కనే సామీ. ఎర్రగా మెరుస్తుందే, దాని పక్కనే."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "రోహిణా! వసంతమ్మా, నీకు తెలిసి చెప్తా ఉండావా, తెలియక చెప్తా ఉండావా? సంద్రుడు ఇరవై ఏడు మందిని సేసుకోని, మిగతావాళ్లను ఇడిసిపెట్టి రోహిణి ఒక్కదాని ఇంట్లోనే కూసుంటే కదా, మామ శాపం పెట్టినాడు, కరిగిపోయేటట్టు! పెండ్లికూతురికి ఆ ఇల్లా సూపించేది?"

నేను ఆపుకోలేక నవ్వేశాను. ఆయనా నవ్వారు. ఇద్దరం నవ్వుతుంటే ఈమెయిల్ ఆమె మళ్లీ తల బయటికి పెట్టింది.

"కాపురం ఎట్లుండాదో చెప్పే కాలమ్ నీ పట్టికలో లేదా?" అని అడిగారు.

"అది ఉంటే మా సెంటర్ ముందు తిరుమల క్యూ అంత ఉంటుంది సామీ."

నవ్వు అయిపోయాక ఆయన ముఖంలో పాత దిగులే మిగిలింది. నేను ధైర్యం చేసి అన్నాను. "తెల్లవారుజామున వస్తుంది కదా. అప్పుడే చూపించరాదా?"

"అనుకున్నా. కానీ తాళి కట్టినాక మా తమ్ముడు అడగతాడు, వాడే పెండ్లి సేయించేది. అందరూ సూస్తా ఉంటారు. అప్పుడు లేదు అనే మాట ఎట్ల అనేది? పెండ్లి ఇంట్లో బియ్యం అయిపోయినా నిండుకునింది అంటాం గానీ, లేదు అనం. నా బిడ్డ పెండ్లిలో నేనే ఆ మాట అంటే, నగరివోళ్లు ఏమనుకుంటారు? బిడ్డ దినామూ ఆ ఇంట్లో బతకల్ల కదమ్మా. బిడ్డ సేత అబద్ధమాడించల్లా, బిడ్డ పెండ్లిలో అశుభం పలకల్లా? ఏదో ఒకటి నేనే ఏరుకోవాల."

దానికి నా దగ్గర ఫిల్టర్ లేదు. వసిష్ఠుడు, అరుంధతి ఉన్న ఆ రెండు వరుసలనూ కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చాను. మడిచి సంచిలో పెట్టుకుని, పెళ్లికి తప్పకుండా రమ్మని చెప్పి వెళ్లారు.

పెళ్లికి నేనూ మా ఆయనా వెళ్లాం. ఆ రోజు సాయంత్రం దాకా తుంపర పడి ఆగింది. ఇంటి ముందు పందిరి, నగరి నుంచి వచ్చిన వ్యాను, తడిసిన మట్టి వాసన. భార్గవిని నేను చూడడం అదే మొదలు. పీటల మీద కూర్చుని కూడా ఎవరు తిన్నారో ఎవరు తినలేదో కనుక్కుంటున్న పిల్ల. వృషభ లగ్నంలో తాళి పడింది. అక్షింతలు పడ్డాయి. సామి తమ్ముడు దంపతులను పందిరి బయటికి నడిపించుకొచ్చి, అలవాటుగా ఉత్తరానికి వేలు పెట్టాడు.

"అదిగోమ్మా అరుంధతి. కనిపించిందా?"

భార్గవి తలెత్తి చూసింది. మబ్బులు విరిగి అక్కడక్కడా చుక్కలున్నాయి. ఏమీ అనలేదు. మళ్లీ అడిగాడు. పిల్ల పెదవి కదల్లేదు. కళ్లు మాత్రం తండ్రి వైపు తిరిగాయి. నగరి వియ్యంకుడు పక్కనుంచి నెమ్మదిగా, "కనిపించింది అను తల్లీ, అంతే," అన్నాడు. జనంలో గుసగుస మొదలైంది. నేను మా ఆయన వెనక్కి జరిగాను. ఆ జల్లెడ పట్టిన దాన్ని నేనే కదా!

సామి ముందుకొచ్చారు. అందరికీ వినిపించేలా అన్నారు.

"అమ్మవారు ఇంకా రాలేదు బావా. తెల్లారుజామున వస్తాది. వచ్చినాక నా బిడ్డ సూస్తాది. సూసినాకే చెప్తాది."

వియ్యంకుడు ముఖం గంటు పెట్టుకున్నాడు. "ఇదేంది సామీ, మేము యాడా సూడలేదే? అంటే ఇప్పుడు తంతు అయినట్టా, కానట్టా?"

జవాబు హరి చెప్పాడు. అంతవరకు తల వంచుకునే ఉన్నాడు ఆ పిల్లవాడు. "అయినట్టే నాయనా. వచ్చేది ఒక్కటే మిగిలుండాది. నేనూ మేలుకోని ఉంటా. ఇద్దరం కలిసే సూస్తాం." అప్పుడు భార్గవి అతని వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. మా ఆయన నా చెవిలో, "ఈ పిల్లకు పర్వాలేదు," అన్నాడు.

తెల్లవారుజామున మమ్మల్ని లేపారు. మిద్దె మీద దంపతులు, సామి, ఆయన భార్య, నేను. నిద్రపట్టలేదంటూ నగరి వియ్యంకుడు కూడా దుప్పటి కప్పుకుని వచ్చాడు. ఈశాన్యంలో మబ్బు ఉంది. అందరం అటే చూస్తూ నిలబడ్డాం. గాలి తిరిగి మబ్బు మెల్లగా దక్షిణానికి జరిగింది. సప్తర్షులు ఒక్కొక్కరే బయటపడ్డారు.

"పెద్దది సిక్కింది," అంది భార్గవి. తర్వాత ఊపిరి బిగబట్టి, "దాని పక్కన చిన్నది! ఆనుకోని ఉండాది. రెండూ కనిపిస్తా ఉండాయి నాయనా. కనిపించింది!"

హరికీ కనిపించింది. నాకూ కనిపించింది. వియ్యంకుడు దుప్పటి పక్కకు విసిరేసి, "ఓరి, నిజంగానే ఉండాదే! నా పెండ్లప్పుడు నాకు సూపించింది ఏంది మరి?" అని గట్టిగా నవ్వాడు. సామి భార్య చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. అంతా అయిపోయిందనుకున్నాను.

అందరూ కిందికి దిగుతుంటే సామి కూతురిని పిలిచారు. "చిన్నది ఏ పక్కనమ్మా?"

భార్గవి వేలు పెట్టి చూపించింది. ఆయన ఊఁ అన్నారు. కానీ నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన చూస్తున్నది ఆ వైపు కాదు. పిల్లకు కూడా తెలిసిపోయింది. "నాయనా, నీకు కనిపిస్తా ఉండాదా?"

సామి అబద్ధం చెప్పలేకపోయారు. అంత జరిగాక ఆ రోజు ఇంక ఎలా చెబుతారు?

"నాకు పెద్దదే మసగ్గా ఉండాది బిడ్డా. చిన్నదాన్ని నేను ఎప్పుడూ సూడలేదు. చిన్నప్పుడు మా నాయన సూపించి, కనిపించిందారా అంటే, కొడతాడేమో అని కనిపించింది అనినా. ఇంక ఆ మాట మార్చేదానికి కాలేదు. ఎంతమందికి సూపించినానో. వాళ్లందరూ కనిపించింది అంటా ఉంటే, నాకొక్కడికే కనిపించదేమో అనుకున్నా."

నా దగ్గర ఉన్నది ఒక్కటే. నాకు చిన్నప్పటి నుంచీ దూరపు చూపు తక్కువ, కళ్లద్దాలు లేనిదే ఎదురింటి తలుపు కూడా కనిపించదు. వాటిని తీసి, చెంగుతో తుడిచి, ఆయన ముక్కు మీద పెట్టాను. ఆడవాళ్ల అద్దాలు, చెవుల దాకా సరిగ్గా చేరలేదు. భార్గవి ఒక పక్క పట్టుకుంది. ఇంకో చేత్తో తండ్రి గడ్డం పట్టుకుని ఈశాన్యానికి తిప్పింది.

ఆయన చాలాసేపు చూశారు. తర్వాత ఎవరితోనో రహస్యం చెబుతున్నట్టు మెల్లగా, "ఉండాది," అన్నారు. మళ్లీ గట్టిగా, "భార్గవీ, ఉండాది! పక్కనే ఉండాది!" అని కూతురి చెయ్యి పట్టుకుని, ఆ చెయ్యిలో ముఖం పెట్టుకుని ఏడ్చేశారు.

అప్పగింతల దాకా ఆ అద్దాలు ఆయన ముఖం మీదే ఉన్నాయి. నేను అడగలేదు. నగరి వ్యాను చెరుకు తోటల మధ్య నుంచి వెళ్లి రోడ్డు మలుపు తిరిగేవరకు కూతురి చెయ్యి తనకు కనిపించిందని, అంత దూరం మనిషి చెయ్యి కనిపిస్తుందని తనకు తెలియదని, అద్దాలు తిరిగిస్తూ చెప్పారు. మరుసటి వారమే చిత్తూరొచ్చి కళ్ల డాక్టరు దగ్గరికి పోయారు. నేనే తోడు వెళ్లాను.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది చాలావరకు ఆ మిద్దె మీదే. అంతకు ముందు నేను సెంటర్‌కు వచ్చినవాళ్లకు తెర మీద వేలు పెట్టి చూపించి, కనిపించిందా అని అడిగేదాన్ని. అందరూ కనిపించింది అనేవాళ్లు, నేను తర్వాతి మనిషి దగ్గరికి పోయేదాన్ని. హడావుడిగా అడిగేవాళ్లకు ఎవరైనా అదే జవాబు చెబుతారని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత నేను సెంటర్ నడిపిన ఏళ్లన్నీ ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. కుర్చీలోంచి లేచి వాళ్లను కూర్చోబెట్టి, "ఇప్పుడు మీరు నాకు చూపించండి," అనేదాన్ని. చాలామంది చూపించలేకపోయేవాళ్లు. అప్పుడు ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేదాన్ని.